22 ఏళ్లుగా ట్యాంకులో ఉండిపోయిన పెట్రోల్: ఇంజన్ స్టార్ట్ చేయవచ్చా?

నాన్నగారి కారు | మార్చి 3, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన 1964 మోడల్ కారు నా దగ్గర ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్, ఒకే కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు ఇచ్చే భాగం), ఇంజన్‌కే బిగించిన మెకానికల్ పెట్రోల్ పంపు. ఆయన పోయిన తర్వాత 22 ఏళ్లుగా షెడ్డులోనే ఉంది, ఎవరూ కదిలించలేదు. ఇప్పుడు దాన్ని మళ్లీ నడిపించాలని గట్టిగా అనుకున్నాను.

ట్యాంకులో ఇంకా పెట్రోల్ ఉంది. పెట్రోల్ ముల్లు ఆయన కాలంలోనే పని చేయడం మానేసింది. అందుకని ఆయన ఒక వెదురు పుల్లకు గాట్లు పెట్టుకుని, ట్యాంకు మూత తీసి ముంచి చూసుకునేవారు. ఆ పుల్ల డిక్కీలోనే దొరికింది. నిన్న ముంచి చూస్తే మూడో గాటు వరకు తడిసింది. ఆయన లెక్క ప్రకారం అది సుమారు 15 లీటర్లు. వాసన మాత్రం పెట్రోల్‌లా లేదు, పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు ఉంది.

కొత్త బ్యాటరీ పెట్టి, పైన 10 లీటర్ల తాజా పెట్రోల్ పోసి స్టార్ట్ చేస్తే సరిపోతుందని తెలిసినవారు ఒకరు అన్నారు. చేయవచ్చా?

పాత ఇంజన్ | మార్చి 3, ఉదయం 10:15

దయచేసి తాళం తిప్పకండి. బ్యాటరీ కూడా ఇంకా బిగించకండి.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. తొమ్మిదేళ్లు నిలిచిపోయిన కారును నేను అలాగే పాత పెట్రోల్‌తో స్టార్ట్ చేశాను. కాసేపు పొగ వచ్చింది, తర్వాత ఇంజన్ చక్కగా తిరిగింది. దాదాపు 40 నిమిషాలు నడిపి సంతోషంగా తెచ్చి నిలిపాను. మరునాడు ఉదయం సెల్ఫ్ కొట్టగానే టక్కు టక్కుమని రెండు దెబ్బలు వినిపించాయి. రాకర్ కవర్, అంటే ఇంజన్ పైమూత, విప్పి చూస్తే రెండు పుష్‌రాడ్లు, అంటే వాల్వులను తెరిపించే కడ్డీలు, విల్లులా వంగి ఉన్నాయి.

సిలిండర్‌లోకి పోయే పెట్రోల్ అంతా ఇన్‌లెట్ వాల్వు కాడ పక్కనుంచే పోతుంది. పాత పెట్రోల్‌లోని బంక ఆ కాడకు పడుతుంది. ఇంజన్ వేడిగా ఉన్నంతసేపు ఆ బంక మెత్తగా ఉంటుంది కాబట్టి ఏమీ తెలియదు. రాత్రి చల్లారాక లక్కలా బిగుసుకుని వాల్వును గైడులో, అంటే దాని కాడ జారే గొట్టంలో, అంటించేస్తుంది. పొద్దున కామ్ (వాల్వులను తెరిపించే ఇరుసు) తోస్తే వాల్వు కదలదు, మధ్యలో ఉన్న పుష్‌రాడ్ వంగుతుంది. వాల్వు తెరుచుకున్న స్థితిలో అంటుకుంటే, కొన్ని ఇంజన్లలో పిస్టన్ వచ్చి దానికే తగులుతుంది. అది ఇంకా పెద్ద నష్టం.

స్టార్ట్ కాకపోతే మన అదృష్టం. స్టార్ట్ అయితేనే అసలు ప్రమాదం.

రసాయనశాల | మార్చి 3, ఉదయం 11:30

పెట్రోల్ ఒకే పదార్థం కాదు, వందల రకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. నిలవ ఉంటే దానికి రెండు విధాలుగా చెడు జరుగుతుంది. బ్యూటేన్, పెంటేన్ వంటి తేలికైన భాగాలు ముందుగా ఆవిరైపోతాయి. చల్లని ఇంజన్ అంటుకునేది వాటివల్లే. ఇక ఒలిఫిన్లు అనే భాగాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్లుగా, తర్వాత పొడవైన అణువులుగా మారతాయి. అదే బంక. మీకు వచ్చిన వార్నిష్ వాసన దానిదే. పెరాక్సైడ్లు రబ్బరును కూడా పాడు చేస్తాయి, రాగి, ఇత్తడి భాగాలను తింటాయి.

తాజా పెట్రోల్ కలిపితే ఆ బంక పలచబడుతుందే తప్ప పోదు. పెట్రోల్ ఆవిరయ్యే ప్రతిచోటా, ముఖ్యంగా కార్బురేటర్‌లో, ఇన్‌లెట్ మార్గంలో, వాల్వు కాడ మీద, బంక వెనక మిగిలిపోతుంది. నిలవ మందులు, అంటే స్టెబిలైజర్లు, ఇప్పుడు పోసినా ప్రయోజనం లేదు. అవి ఆక్సీకరణను ఆలస్యం చేస్తాయి, జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పవు.

నిన్న ముంచిన ఆ వెదురు పుల్ల ఇప్పుడు ఎలా ఉంది? ఒకసారి వేలితో ముట్టుకుని చెప్పండి.

నాన్నగారి కారు | మార్చి 3, మధ్యాహ్నం 12:05

ఇప్పుడే చూశాను. ఇంకా ఆరలేదు. మూడో గాటు వరకు జిగటగా ఉంది, వేలికి అంటుకుంటోంది. షెడ్డులోని దుమ్మంతా దానికే పట్టింది.

రసాయనశాల | మార్చి 3, మధ్యాహ్నం 12:20

మీ ప్రశ్నకు మీ నాన్నగారి పుల్లే జవాబు చెప్పింది. తాజా పెట్రోల్ అయితే నిమిషాల్లో ఆరిపోయి ఏ గుర్తూ మిగిల్చేది కాదు. ఆ పుల్ల మీద ఉన్నదే రేపు వాల్వు కాడ మీద ఉండేది.

నాలుగు సిలిండర్లు | మార్చి 3, మధ్యాహ్నం 2:10

నాది కొంచెం భిన్నమైన అనుభవం. పాత పెట్రోల్‌ను ఒకటికి పది వంతుల తాజా పెట్రోల్‌లో కలిపి రోజూ తిరిగే కారులో వాడేశాను. ఏ ఇబ్బందీ రాలేదు. 15 లీటర్లు వృథాగా పారేయడం నాకు నచ్చదు.

పాత ఇంజన్ | మార్చి 3, మధ్యాహ్నం 2:35

నాలుగు సిలిండర్లు గారూ, మీరు వాడినది ఎంత పాతది?

నాలుగు సిలిండర్లు | మార్చి 3, మధ్యాహ్నం 2:50

ఎనిమిది నెలలది. మూత గట్టిగా బిగించిన డబ్బాలో ఉంచాను.

పాత ఇంజన్ | మార్చి 3, మధ్యాహ్నం 3:05

అక్కడే తేడా ఉంది. గాలి తగలని డబ్బాలో ఎనిమిది నెలలంటే తేలిక భాగాలు కొంత పోయి ఉంటాయి, అంతే. దాన్ని తాజా పెట్రోల్‌లో కలిపి వాడుకోవచ్చు, నేనూ అలాగే చేస్తాను. కానీ పాత కార్ల ట్యాంకుకు గాలి రంధ్రం ఉంటుంది. పగలు వేడికి ఆవిరి బయటికి పోతుంది, రాత్రి చల్లదనానికి తేమగాలి లోపలికి వస్తుంది. ఆ రాకపోకలు 22 ఏళ్లు జరిగాయి. దాన్ని ఏ కారులోనూ, ఏ నిష్పత్తిలోనూ పోయకూడదు. ఇంజెక్షన్ ఉన్న కారులో అసలే వద్దు. ఇంజెక్టర్ రంధ్రాలు కార్బురేటర్ జెట్ (పెట్రోల్‌ను కొలిచి వదిలే చిన్న రంధ్రమున్న ముక్క) కంటే చాలా సన్నవి.

నాలుగు సిలిండర్లు | మార్చి 3, మధ్యాహ్నం 3:20

ఒప్పుకుంటున్నాను. వయసు చెప్పకుండా రాయడం నా పొరపాటు.

నిదానం | మార్చి 3, సాయంత్రం 6:00

అయితే ఆ పెట్రోల్‌ను బయటికి తీయాలి. ఈ పనిలోనే మనుషులు కాలిపోతారు కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

తేలిక భాగాలు పోయాయి కదా, ఇది అంత తేలిగ్గా అంటుకోదని కొందరు అనుకుంటారు. అలా అనుకోవద్దు. తాజా పెట్రోల్ సున్నాకు దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ కింద కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది. పాతది అంత కాకపోయినా షెడ్డు వేడికి అంటుకోవడానికి చాలినంత ఆవిరి దానిలోనూ ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు ఒకటిన్నర శాతం ఉంటే చాలు, నిప్పు అందుకుంటుంది. అది గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల వెంట పాకి గుంటల్లో చేరుతుంది. కారు కింద గొయ్యి ఉన్న షెడ్డులో ఈ పని చేయవద్దు. కారును ఆరుబయటికి తోసుకురండి.

బ్యాటరీ ఉంటే ముందుగా తీసి దూరం పెట్టండి. తీగకు వేలాడే బల్బు వద్దు, కింద పడి పగిలితే చాలు. పెట్రోల్ పట్టే డబ్బా లోహంతో చేసినది, నేల మీద ఉంచినది కావాలి. దానికీ ట్యాంకుకూ మధ్య ఒక రాగి తీగ కలపండి, స్థిర విద్యుత్ మెరుపు పుట్టకుండా ఉంటుంది. పొడి రకం అగ్నిమాపక సిలిండర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి.

గొట్టం పెట్టి నోటితో పీల్చడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. గుక్కెడు పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి పోతే రసాయనిక న్యుమోనియా వస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు, ఆ వాంతితోనే అది ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేత్తో నొక్కే గొట్టం పంపు వాడండి, లేదా ట్యాంకు అడుగు బిరడా విప్పండి.

తీసిన దాన్ని కాలువలో, నేలలో పోయకండి. మూత బిగించి, దాని మీద పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి.

నాన్నగారి కారు | మార్చి 9, రాత్రి 8:30

మీరు చెప్పినట్టే చేశాం. తమ్ముడు అగ్నిమాపక సిలిండర్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. అడుగు బిరడా ఎంతకీ రాలేదు, రెండు రోజులు తుప్పు వదిలించే నూనె పోస్తూ ఉంచితే మూడో రోజు కదిలింది.

మొదట చిక్కటి డికాక్షన్ రంగులో వచ్చింది. కాసేపటికి ధార ఆగిపోయింది. కర్ర పుల్లతో కదిపితే మడ్డి ముద్దలుగా జారి మళ్లీ మొదలైంది. మొత్తం 13 లీటర్లు. కొంత గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచాను. పొద్దునకు రెండు పొరలుగా విడిపోయింది. పైది గోధుమ రంగు, అడుగున వేలెడు మందాన మసక పొర, దాని కింద ఎర్రటి తుప్పు పొడి. ఆ మసక పొర ఏమిటి?

రసాయనశాల | మార్చి 9, రాత్రి 9:15

నీరు, లేదా నీరూ ఇథనాలూ కలిసినది. ఇథనాల్ కలిపిన పెట్రోల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ సాధారణ వాతావరణంలో దాదాపు అర శాతం నీటిని మాత్రమే తనలో ఇముడ్చుకోగలదు. అది దాటితే ఇథనాల్, నీటితో కలిసి, పెట్రోల్‌ను విడిచి అడుగుకు దిగిపోతుంది. పైన మిగిలిన పెట్రోల్‌కు ఆక్టేన్, అంటే ఇంజన్ కొట్టుకోకుండా కాలే గుణం, తగ్గుతుంది. పంపు గొట్టం నోరు అడుగు దగ్గరే ఉంటుంది కాబట్టి ఇంజన్‌కు మొదట అందేది ఆ కింది పొరే. ట్యాంకు అడుగున తుప్పు పట్టేదీ అక్కడే.

మీరు కొత్తగా పోయబోయే పెట్రోల్‌లో ఇథనాల్ ఉందో లేదో మాత్రం తప్పక చూసుకోండి. గీతలున్న గాజు కొలపాత్రలో 100 మిల్లీలీటర్ల పెట్రోల్, 10 మిల్లీలీటర్ల నీరు పోసి, మూసి, కుదిపి, నిలవనివ్వండి. అడుగు పొర 10 దగ్గరే ఆగితే ఇథనాల్ లేదు. పెరిగితే ఉంది.

ఇత్తడి ఫ్లోటు | మార్చి 9, రాత్రి 10:00

రసాయనశాల గారి చివరి మాటను తేలిగ్గా తీసుకోవద్దు. 1964 నాటి రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం (పెట్రోల్‌ను తోసే లోపలి పొర) ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైగా ఇథనాల్ మంచి ద్రావకం. పాత బంకను గోడల నుంచి ఊడదీసి ఫిల్టర్‌కు చేరుస్తుంది. రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి వేయండి. గొట్టం మీద ఎస్ఏఈ జె30 ఆర్9 (పెట్రోల్ గొట్టాల ప్రమాణం) అని ముద్ర ఉన్నవి తెచ్చుకోండి.

తుప్పు వైరి | మార్చి 10, ఉదయం 7:20

ఇక ట్యాంకు సంగతి. కారు నుంచి దించి కడగాల్సిందే, పైనుంచి కడిగితే మూలల్లో మడ్డి అలాగే ఉంటుంది. దించేముందు ముల్లు యూనిట్, గొట్టాలు విప్పండి. వేడి నీరు, డిటర్జెంట్‌తో రెండు మూడు సార్లు కడగండి. తర్వాత ఒక మూర పొడవు ఇనుప గొలుసు లోపలికి వదిలి, అటూ ఇటూ దొర్లించండి. గొలుసు మేలు, ఎందుకంటే పూర్తిగా బయటికి లాగవచ్చు. నట్లు వేస్తే ఒకటి లోపలే ఉండిపోతుంది.

తుప్పుకు సిట్రిక్ యాసిడ్ పొడి, లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 100 గ్రాములు. నిండా పోసి ఒక రాత్రి ఉంచండి. కొన్ని పాత ట్యాంకులకు లోపల సీసం, తగరం కలిసిన పూత ఉంటుంది. పూత బాగున్నచోట యాసిడ్ ఎక్కువసేపు ఉంచితే అదీ పోతుంది కాబట్టి మధ్యలో టార్చితో చూస్తూ ఉండండి. పారబోశాక వంటసోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టండి. ఈ "వెంటనే" చాలా ముఖ్యం. శుభ్రమైన ఇనుము తడిగా ఉంటే గంటలోపే కొత్త తుప్పు పడుతుంది.

రంధ్రాలు కనిపిస్తే మీరు స్వయంగా వెల్డింగ్ జోలికి వెళ్లకండి. కడిగిన ట్యాంకు మడతల్లో కూడా పెట్రోల్ ఆవిరి దాక్కుంటుంది, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ఎక్కువగా పేలుతుంది. ఆ పని తెలిసినవారికే ఇవ్వాలి.

శుభ్రం చేశాక లోపల పూసే సీలర్ వేస్తే మళ్లీ తుప్పు రాదు. నేను రెండు ట్యాంకులకు వేశాను.

ఇత్తడి ఫ్లోటు | మార్చి 10, ఉదయం 8:45

తుప్పు వైరి గారూ, సీలర్ విషయంలో మాత్రం నేను మీతో ఏకీభవించలేను. నాకు వచ్చిన ఒక కారులో ఆ పూత పొరలు పొరలుగా ఊడి, పంపు గొట్టం నోటికి ప్లాస్టిక్ కాగితంలా అడ్డం పడింది. కారు పది కిలోమీటర్లు పోయి ఆగేది, కాసేపు నిలిపితే ఆ పొర జారిపోయి మళ్లీ నడిచేది. కారణం పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఊడదీయడం ఇంకా కష్టం. లోహం గట్టిగా ఉంటే సీలర్ వద్దు, రంధ్రాలు పడేంత పలచబడితే ట్యాంకే మార్చాలి.

తుప్పు వైరి | మార్చి 10, ఉదయం 9:30

నూనె, తడి పూర్తిగా పోకుండా పూస్తే ఊడుతుంది. నావి ఆరేళ్లుగా బాగానే ఉన్నాయి. కానీ కొత్తగా చేసేవారికి ఆ ఆరబెట్టడం సరిగ్గా కుదరదన్నది నిజమే. ఈ కారుకు వద్దనే నేనూ అంటాను.

నాన్నగారి కారు | మార్చి 17, సాయంత్రం 5:10

ట్యాంకు పని అయిపోయింది. రంధ్రాలు లేవు, సీలర్ వేయలేదు. పంపు గొట్టం చివర ఉన్న జల్లెడ పూర్తిగా మూసుకుపోయి ఉంది, అది ఉందని కూడా నాకు తెలియదు.

ఈ రోజు కార్బురేటర్ విప్పాను. ఫ్లోటు గిన్నె (తేలే బుడ్డితో పెట్రోల్ మట్టం నిలిపే గిన్నె) అడుగున ఆకుపచ్చ పొడి, గోడలకు గోధుమ రంగు గాజు లాంటి పూత. మెయిన్ జెట్ రంధ్రంలోంచి వెలుతురు కనిపించడం లేదు. సన్నని ఇనుప తీగతో పొడవవచ్చా?

ఇత్తడి ఫ్లోటు | మార్చి 17, సాయంత్రం 5:25

తీగ పక్కన పెట్టండి!

జెట్ మెత్తటి ఇత్తడి. దాని రంధ్రం మిల్లీమీటరుకు అటూ ఇటూ, దాన్ని వందో వంతుల లెక్కలో కొలిచి చేస్తారు. ఇనుము తగిలితే గీత పడుతుంది, రంధ్రం పెద్దదవుతుంది, ఇక ఆ ఇంజన్ ఎందుకు పెట్రోల్ ఎక్కువ తాగుతోందో ఎన్నటికీ అర్థం కాదు. కార్బురేటర్ క్లీనర్‌లో ఒక రాత్రి నానబెట్టండి, తర్వాత గాలి కొట్టండి. తప్పదనుకుంటే విద్యుత్ తీగలోని ఒక్క రాగి పోగు చాలు, అది ఇత్తడిని గీయదు. రబ్బరు, తోలు భాగాలన్నీ తీశాకే నానబెట్టండి. కాస్టిక్ సోడా జోలికి పోవద్దు, అది అల్యూమినియాన్ని, జింకును తినేస్తుంది.

ఆ ఆకుపచ్చ పొడి ఇత్తడి, రాగి తుప్పు. ఫ్లోటు ఇత్తడిదైతే చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల చప్పుడైతే పెట్రోల్ చేరింది. తర్వాత వేడి నీటిలో ముంచి పట్టుకుంటే చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. ఆ గిన్నెలోకి పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వు మాత్రం ఎలా కనిపించినా కొత్తది వేయండి. అది సరిగ్గా మూయకపోతే కార్బురేటర్ పొంగి వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారుతుంది.

జెట్లు ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి, దాని మీదే పెట్టుకోండి. నాకు ఈ పని చాలా ఇష్టం. మురికి అంతా పోయాక ఆ చిన్న రంధ్రంలోంచి గుండ్రంగా వెలుతురు కనిపించినప్పుడు కలిగే ఆనందం మీకూ కలగాలి.

పాత ఇంజన్ | మార్చి 17, సాయంత్రం 6:40

పంపు డయాఫ్రం కూడా మార్చండి. అది చిరిగితే పెట్రోల్ బయటికే కాదు, లోపల ఇంజన్ ఆయిల్‌లోకి కూడా కారుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగినా, పెట్రోల్ వాసన వచ్చినా అదే కారణం. పలచబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి. ఏదేమైనా 22 ఏళ్ల ఆయిల్ తీసేయాల్సిందే.

ఎర్ర డబ్బా | మార్చి 18, ఉదయం 11:00

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నా దగ్గర 1980ల నుంచి నిలిచిపోయిన కారు ఉంది, దాని ట్యాంకులోనూ పెట్రోల్ ఉంది. నాకూ ఇవే జాగ్రత్తలా?

రసాయనశాల | మార్చి 18, ఉదయం 11:40

ఇవన్నీ, వాటికి తోడు ఇంకొకటి. ఆ కాలపు పెట్రోల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంజన్ కొట్టుకోకుండా టెట్రాఇథైల్ లెడ్ కలిపేవారు. 1920లలో మొదలైన ఆ అలవాటు, కార్ల పెట్రోల్ వరకు, 2021లో అల్జీరియా మానేయడంతో ప్రపంచమంతటా ముగిసింది. ఆ పదార్థం చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. పెట్రోల్‌కు తట్టుకునే చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి, ఆ ట్యాంకు కడిగిన నీటిని కూడా ప్రమాదకర వ్యర్థంగానే అప్పగించండి.

నాన్నగారి కారు | మార్చి 24, ఉదయం 8:00

పంపు, గొట్టాలు, నీడిల్, ఆయిల్ అన్నీ కొత్తవి. ఇప్పుడు నా భయం ఒక్కటే. నాన్నగారు చివరిసారి నడిపినప్పటి బంక వాల్వులకు ఇప్పటికే పట్టి ఉంటే? సిలిండర్ హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) విప్పాలా?

పాత ఇంజన్ | మార్చి 24, ఉదయం 8:50

అప్పుడాయన పోసింది తాజా పెట్రోల్. ఆ బెంగ వద్దు. అయినా హెడ్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. ప్లగ్గులు నాలుగూ తీసి, ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, రెండు రోజులు ఆగండి. రాకర్ కవర్ తీసి వాల్వు కాడల మీద కూడా ఆయిల్ వేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి క్రాంక్ పుల్లీని స్పానర్‌తో చేత్తోనే తిప్పండి. ఎనిమిది వాల్వులూ ఒక్కొక్కటే దిగి, మళ్లీ పూర్తిగా పైకి రావాలి. ఏదైనా సగంలో ఆగితే, లేదా రాకర్‌కూ (వాల్వును నొక్కే మీట) వాల్వుకూ మధ్య ఉండాల్సిన దానికంటే ఎక్కువ సందు కనిపిస్తే, అక్కడే ఆపి ఇక్కడ రాయండి. బలవంతం చేయవద్దు. రెండు చుట్లు తిప్పితే ఎనిమిదీ ఒకసారి కదులుతాయి.

స్టార్ట్ చేసేటప్పుడు ట్యాంకు మీద ఆధారపడకండి. రెండు లీటర్ల తాజా పెట్రోల్ ఉన్న లోహపు డబ్బాను ఇంజన్‌కు దూరంగా, కదలకుండా బిగించి, అందులోంచి పంపుకు గొట్టం ఇవ్వండి. ఎలక్ట్రిక్ పంపు వద్దు. పాత కార్బురేటర్లకు చదరపు అంగుళానికి 3, 4 పౌండ్ల ఒత్తిడి చాలు, అంతకు మించితే నీడిల్ ఆపలేదు.

నాన్నగారి కారు | మార్చి 30, రాత్రి 9:20

ఎనిమిది వాల్వులూ కదిలాయి. మూడో సిలిండర్ ఇన్‌లెట్ మొదట బద్ధకంగా పైకి వచ్చింది, ఆయిల్ వేసి పది పదిహేను చుట్లు తిప్పాక సర్దుకుంది.

ఈ సాయంత్రం స్టార్ట్ చేశాం. ఆరోసారికి అంటుకుంది. సిలిండర్లలో పోసిన ఆయిల్ కాలి తెల్లటి పొగ కమ్మింది, ఐదు నిమిషాల్లో తగ్గింది. అమ్మ వరండాలోంచి చూస్తూ నిలబడింది. ఆ ఇంజన్ శబ్దాన్ని నేను మరచిపోయాననే అనుకున్నాను, వినగానే గుర్తుకొచ్చింది.

రేపు పొద్దున మళ్లీ స్టార్ట్ చేసేముందు చేత్తో తిప్పి చూస్తాను. పాత ఇంజన్ గారు చెప్పిన ఆ మరునాటి ఉదయం నా మనసులో అలాగే ఉంది.

పాత ఇంజన్ | మార్చి 31, ఉదయం 6:10

చూశారా?

నాన్నగారి కారు | మార్చి 31, ఉదయం 7:45

చూశాను. అన్నీ స్వేచ్ఛగా కదులుతున్నాయి. రెండోసారికే అంటుకుంది.

ఇత్తడి ఫ్లోటు | మార్చి 31, ఉదయం 8:05

చాలా సంతోషం. ట్యాంకు కలిపాక పంపుకు ముందు పారదర్శకమైన ఫిల్టర్ ఒకటి వేయండి. మొదటి రెండు మూడు ఫిల్టర్లలో ఎర్ర పొడి వస్తుంది, అది చూసి బెంగపడకండి, మారుస్తూ ఉండండి. మళ్లీ నెలల తరబడి నిలిపే పనైతే తాజాగా పోసిన పెట్రోల్‌లోనే స్టెబిలైజర్ కలిపి, అది కార్బురేటర్ వరకు చేరేలా పది నిమిషాలు ఇంజన్ నడిపి ఆపండి.

నాన్నగారి కారు | ఏప్రిల్ 6, సాయంత్రం 6:30

రెండో ఫిల్టర్ నడుస్తోంది, దానిలో పొడి మొదటిదానికంటే బాగా తక్కువ. ఈ రోజు ట్యాంకులో ఇథనాల్ లేని పెట్రోల్ 10 లీటర్లు పోశాను. నీటితో పరీక్షిస్తే అడుగు పొర 10 దగ్గరే ఆగింది. ముల్లు ఇంకా బాగు చేయలేదు. వెదురు పుల్లను కిరసనాయిలుతో తుడిచి శుభ్రం చేసి ముంచాను. రెండో గాటు వరకు తడిసింది. గోడకు ఆనించి మూత బిగించి వచ్చేసరికి ఆరిపోయింది.